డ్రాగన్ ఆగుతది లే మామా: ఆటల్లో కథకూ తిరుగుడుకూ మధ్య తగాదా

పోయిన ఎండకాలం సెలవుల్లో నల్లగొండలో అక్క వాళ్లింటికి పోతే, మా మేనల్లుడు కంప్యూటర్ ముందు కూర్చుని ఇనుప బాకులు చేస్తున్నాడు. ఒకటీ రెండూ కాదు, వందల్లో. ఆట పేరు స్కైరిమ్. 2011 నవంబర్‌లో వచ్చింది, అంటే వాడికంటే రెండేళ్లు చిన్నది. కొలిమి దగ్గర నిలబడి బాకు చేయటం, దుకాణంలో అమ్మటం, ఆ పైసలతో మళ్లీ ఇనుము కొనటం. అప్పటికే 40 గంటలు ఆడాడట. దొంగల ముఠాలో చేరాడు, మంత్రాల కాలేజీలో అడ్మిషన్ తీసుకున్నాడు, తోవలో కనపడ్డ ప్రతి పువ్వూ తెంపి సంచీలో వేసుకున్నాడు.

"మరి డ్రాగన్‌లు ఏవిరా?" అన్నాను.

"అదే మామా, మొదట్ల నల్లది ఒక్కటొచ్చి ఊరు తగలవెట్టి పోయింది. మళ్లా ఒక్కటి గూడ కనవడలే. డ్రాగన్‌ల ఆట అంటివి గద?"

"ఆ దొరకు కబురు చెప్పమన్నరు గద, చెప్పినవా?"

"ఏ దొర? ఆఁ, గాయననా. చెప్తలే మామా. డ్రాగన్ యాడికి పోతది, ఆగుతది లే."

నిజంగానే ఆగుతుంది. తమాషా అంతా అక్కడే ఉంది. స్కైరిమ్ మొదలవగానే మన తల నరకబోతుంటే డ్రాగన్ వచ్చి ఊరిని బూడిద చేస్తుంది, ఆ గందరగోళంలో మనం తప్పించుకుంటాం. పక్క ఊరు రివర్‌వుడ్ వాళ్లు బతిమాలతారు: మా ఊరికి కాపలా లేదు, వైట్‌రన్‌కు పోయి అక్కడి జార్ల్‌కు (అంటే దొరకు) చెప్పు, సైన్యాన్ని పంపమను. ఆ పని చేసి, జార్ల్ చెప్పిన ఇంకో పని చేసి, వైట్‌రన్ పడమటి కావలి బురుజు దగ్గర మొదటి డ్రాగన్‌తో కొట్లాడేదాకా ఆటలో మిగతా డ్రాగన్‌లు బయటికే రావు. మావోడు జార్ల్ మొహం చూడలేదు కాబట్టి వాడి లోకంలో డ్రాగన్‌ల బెడద లేదు. రివర్‌వుడ్ వాళ్లు మాత్రం ఆ కాపలా కోసం 40 గంటలుగా చూస్తూనే ఉన్నారు.

మొదట నవ్వొచ్చింది కానీ, రాత్రి మంచం మీద పడుకున్నాక అనిపించింది: వాడు చేసిన తప్పేముంది? ఎటైనా పొమ్మని ఆటే చెప్పింది, వాడు పోయాడు. తొందరపడమని కూడా అదే ఆట చెప్పింది. రెండు మాటల్లో వాడు ఒకటి విన్నాడు, అంతే.

రోల్‌ప్లేయింగ్ ఆటలు, అంటే ఒక పాత్రలో దూరి ఆడే ఆటలు, చేసేవాళ్లను ఏళ్ల తరబడి సతాయిస్తున్న చిక్కు ఇదే. స్వేచ్ఛగా తిరిగే లోకం కావాలి, మనసుకు పట్టే కథ కూడా కావాలి. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గుతుందని, ఇదొక తక్కెడ అని చాలామంది అనుకుంటారు. నాకట్లా అనిపించదు. కథకూ తిరుగుడుకూ స్వతహాగా పగ లేదు. తొందర పెట్టే కథకూ తీరిగ్గా తిరగమనే లోకానికే పడదు.

ఈ ఆటల పుట్టుక చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట తెచ్చారు. కంప్యూటర్ లేదు. బల్ల చుట్టూ నలుగురు, పాచికలు, కాగితాలు, కథ నడిపే మనిషి ఒకరు. ఆడేవాళ్లు డ్రాగన్‌ను వదిలేసి కల్లు దుకాణానికి పోతామంటే, కథ నడిపేవాడు ఒక్క క్షణం ఆలోచించి డ్రాగన్‌నే కల్లు దుకాణం మీదికి తోలుతాడు. మన దగ్గర ఒగ్గు కథ చెప్పేవాళ్లు చేసేదీ ఇలాంటిదే. జనం ఊపు మీదుంటే ఒక ఘట్టాన్ని సాగదీస్తారు, పిల్లలు నిద్రకు తూగుతుంటే మధ్యలో పిట్టకథ పెడతారు, వంత పాడేవాడు ఏదో చమత్కారం విసిరితే కథ అటు మళ్లి మళ్లీ దారికొస్తుంది. మనిషి నడిపిస్తే తిరుగుడూ కథా ఒకటే.

కంప్యూటర్‌కు ఆ సౌలభ్యం లేదు. అది చెప్పే ప్రతి మాటా ఎవరో నాలుగైదేళ్ల ముందే రాసి, ఎవరో గొంతిచ్చి, ఎవరో బొమ్మ కదిలించి పెట్టాలి. ఆడేవాడు ఎప్పుడొస్తాడో, ఏం చేసి వస్తాడో తెలియకుండానే రాయాలి. పెళ్లికి ఎంతమంది వస్తారో తెలియకుండా అన్నం వండటం లాంటి పని.

2007లో క్లింట్ హాకింగ్ అనే డిజైనర్ బయోషాక్ ఆట గురించి రాస్తూ లూడోనరేటివ్ డిసొనెన్స్ అనే మాట పుట్టించాడు. నోరు తిరగని మాటే కానీ భావం సాదా: కథ ఒకటి చెబుతుంది, ఆడించే తీరు ఇంకొకటి చెబుతుంది. అప్పటినుంచి ప్రతి విమర్శకుడూ ఆ మాటను ఎడాపెడా వాడేశాడు. ఎటైనా తిరగనిచ్చే ఓపెన్ వరల్డ్ ఆటల్లో మాత్రం దానికి ఒక ఖచ్చితమైన రూపం ఉంది. గడియారం.

ఫాల్అవుట్ 4 చూడండి, 2015 ఆట. మొదటి అరగంటలో మన కళ్ల ముందే జీవిత భాగస్వామిని చంపి, పసిబిడ్డను ఎత్తుకుపోతారు. మన పని కొడుకును వెతకటం. కానీ బయటికి రాగానే ఆట మన చేతిలో ఒక ఊరు పెడుతుంది: రేకులు ఏరుకో, మంచాలు వెయ్యి, నీళ్ల పంపు కట్టు, కంచె కట్టు. కొడుకు కోసం గుండెలు బాదుకోవాల్సిన తండ్రి మూడు వారాలు రేకుల షెడ్లు వేస్తుంటాడు. ఆ కట్టటంలో మజా ఉంది, నేనూ కట్టాను. కానీ మధ్యలో ఎవరైనా "మీ అబ్బాయి?" అని అడిగితే సిగ్గేస్తుంది. కొడుకు పోవటం బదులు అల్లుడితో భూమి తగాదా అని రాసి ఉంటే ఎన్నాళ్లు తిరిగినా ఇబ్బంది ఉండేది కాదు. మన దగ్గర భూమి తగాదాలు తరాలకు తరాలు ఆగుతాయి కదా.

బాల్డర్స్ గేట్ 3లో ఇంకా విచిత్రం. 2023 ఆగస్టులో వచ్చిన ఈ ఆట గొప్ప ఆటే, అందులో అనుమానం లేదు. మొదట్లోనే మన కంట్లోంచి మెదడులోకి ఒక పురుగును దూరుస్తారు. కొద్ది రోజుల్లో నువ్వు రాక్షసుడివైపోతావ్, త్వరగా వైద్యం చూసుకో అని తోడున్న ప్రతి ఒక్కరూ చెబుతారు. అందుకని చాలామంది ఆటగాళ్లు, నాతో సహా, క్యాంపులో పడుకోవటానికి భయపడ్డారు. రాత్రి గడిస్తే ఒక రోజు పోతుంది కదా! తీరా చూస్తే ఆ ఆటలో తోడున్నవాళ్ల మాటా ముచ్చటా, ప్రేమలూ, గుట్లూ ఎక్కువ భాగం విప్పుకునేది ఆ క్యాంపు రాత్రుల్లోనే. పురుగు మనల్ని తినేయదు, ఆ బెదిరింపు ఉత్తదే. కథ పెట్టిన టెన్షన్‌ను నిజమని నమ్మినవాడికే కథలో సగం దొరకలేదు. పైగా అదే ఆటలో కొన్నిచోట్ల గడియారం నిజంగానే తిరుగుతుంది. తగలబడుతున్న సత్రం దగ్గరికి పోయి, లోపలివాళ్లను కాపాడకుండా పడుకుని లేస్తే మిగిలేది బూడిదే. ఏ బెదిరింపు నిజమో ఏది ఉత్తదో తెలియక ఆటగాడు అన్నిటికీ భయపడతాడు, లేదా దేనికీ భయపడడు.

అయితే గడియారాన్ని నిజంగానే పెట్టేస్తే? 1997లో వచ్చిన మొదటి ఫాల్అవుట్ ఆ పని చేసింది. భూగర్భంలో దాక్కున్న జనానికి నీళ్లు శుద్ధి చేసే యంత్రంలో చిప్ పాడైంది. 150 రోజుల్లో కొత్తది తేవాలి, లేకపోతే అందరూ చస్తారు, ఆట అయిపోతుంది. నీళ్ల వ్యాపారులకు డబ్బిచ్చి పంపిస్తే ఇంకో 100 రోజులు గడువు పెరుగుతుంది. మంచినీళ్ల కోసం రోజులు లెక్కపెట్టటం ఏమిటో నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి బతికిన తరాలకు ఎవరూ చెప్పక్కర్లేదు, కాబట్టి ఆ కథ నాకు వెంటనే ఎక్కింది. ఆటలో ఆ గడువు నిజాయితీగా ఉంటుంది. కానీ మ్యాప్‌లో ఒక మూల ఏముందో చూద్దామంటే ప్రాణం ఒప్పుకోదు. అక్కడికి పోను 12 రోజులు, రాను 12 రోజులు అని మనసులో లెక్క నడుస్తుంటుంది. తిరిగే సరదా అక్కడే చచ్చిపోతుంది.

ఈ విషయంలో నాకు బాగా నచ్చినది 2010 నాటి మాస్ ఎఫెక్ట్ 2. ఆట చాలాభాగం ఎవరి ఇష్టం వాళ్లది, ఏ గ్రహానికి ముందు పోయినా ఎవరూ అడగరు. చివరికొచ్చేసరికి శత్రువులు మన ఓడలోని సిబ్బందిని ఎత్తుకుపోతారు. ఆట అప్పుడు కూడా ఏ గడియారమూ చూపించదు. వెంటనే వెనక పడితే వాళ్లు బతుకుతారు. ఒకటి రెండు వేరే పనులు చూసుకుని పోతే సగం మందే మిగులుతారు. ఇంకా ఆలస్యం చేస్తే ఓడలో రోజూ పలకరించిన మనుషులు కళ్ల ముందే కరిగిపోవటం చూడాలి. ఆట ఆగదు, మనల్ని తిట్టదు. గడియారం పెడితే ఇలా ఒక్కచోట పెట్టాలి, పెట్టినచోట మాట నిలబెట్టుకోవాలి.

ఇంకో దారి, నా లెక్కలో ఇదే మేలైన దారి, కథే మనిషిని తిరగమని చెప్పటం. స్కైరిమ్‌కు తొమ్మిదేళ్ల ముందు, 2002లో, అదే కంపెనీ మారోవిండ్ తెచ్చింది. మనం జైలు నుంచి బయటపడి, ఒక ఉత్తరం పట్టుకుని కాయస్ అనే గూఢచారిని కలుస్తాం. చొక్కా కూడా లేకుండా, మత్తులో ఉన్నట్టుండే ముసలాయన. ఆయన వెంటనే ప్రపంచాన్ని కాపాడమనడు. నీకింకా ఏమీ రాదు, ఇక్కడి సంగతులు తెలియవు, ఈ 200 బంగారు నాణేలు తీసుకో, ఏదైనా సంఘంలో చేరి నాలుగు పనులు చెయ్, నాలుగు ఊళ్లు చూడు, తర్వాత రా అంటాడు. ఎంత చిన్న ఉపాయం! ఆ తర్వాత 50 గంటలు తిరిగినా మనం కథను ఎగ్గొట్టినట్టు కాదు, పెద్దాయన మాట విన్నట్టు.

ది విచర్ 3, 2015 ఆట, ఇదే పనిని వృత్తితో చేసింది. గెరాల్ట్ రాక్షసులను చంపి బతికేవాడు. సైకిల్ మీద సానరాయి పెట్టుకుని ఊరూరా తిరిగి కత్తులు సాన పట్టేవాడు ఉంటాడే, ఆ లెక్క. ఏ ఊరికి పోయినా నోటీసు బోర్డు చూస్తాడు, కూలి బేరమాడతాడు, పని చేస్తాడు, పైసలు తీసుకుంటాడు. పెంపుడు కూతురు సిరిని వెతుకుతున్నాడన్న తొందర ఉన్నా, పూట గడవాలంటే పని చేయాలి కాబట్టి ఆ ఆగటం మనకు ఎబ్బెట్టుగా తోచదు. తోచదు అంటే మరీ కాదు. ఊరూరా ఆగి గ్వెంట్ పేకాట ఆడేటప్పుడు మాత్రం కూతురు గుర్తొస్తుంది.

నాగర్‌కర్నూల్ జిల్లాలో నల్లమల లోపల సలేశ్వరం ఉంది. చైత్ర పౌర్ణమికి జాతర. పులుల అడవి కాబట్టి ఏడాదిలో ఆ కొద్ది రోజులే జనాన్ని రానిస్తారు. బండ్లు ఆగినచోటు నుంచి కర్ర పట్టుకుని రాళ్లలో నడవాలి, లోయలోకి దిగాలి, అడుగున జలపాతం, లింగమయ్య. ఎవరూ గబగబా పోరు. చెట్టు కింద కూర్చుంటారు, సద్ది విప్పుకుంటారు, పక్క ఊరివాళ్లతో ముచ్చట్లు పెడతారు, పిల్లలు ఎటో ఉరుకుతారు. కానీ ప్రతి నాలుగు అడుగులకూ ఎవరో ఒకరు "వత్తున్నం లింగమయ్యో" అని కేక వేస్తారు, వెనక వందమంది అందుకుంటారు. పోయే చోటు ఎవరికీ మరుపు రాదు. తొందరా లేదు.

2017లో వచ్చిన జెల్డా ఆట, బ్రెత్ ఆఫ్ ద వైల్డ్, నాకు ఆ కేకనే గుర్తుచేసింది. లింక్ అనే వీరుడు 100 ఏళ్లు నిద్రపోయి లేస్తాడు, పాత జ్ఞాపకాలు పోయాయి. లోకం మధ్యలో కోట, దాని చుట్టూ నల్లగా ఎర్రగా తిరుగుతున్న చెడుపొగ. ఏ గుట్ట ఎక్కినా దాదాపు ఆ కోట కనపడుతుంది. పుట్టగొడుగులు ఏరుకుంటున్నా, గుర్రాన్ని మచ్చిక చేసుకుంటున్నా తల ఎత్తితే అదుగో, ఉంది. ఎవరూ ఫోన్ చేసి గుర్తు చేయరు, తెర మీద ఎర్ర అక్షరాలు రావు. పైగా ఆట మొదట్లోని పీఠభూమి దిగగానే తిన్నగా ఆ కోటలోకి పోయి ఆఖరి శత్రువుతో తలపడవచ్చు కూడా. చాలామంది ఓడిపోతారు, కొందరు ఆరితేరినవాళ్లు గెలుస్తారు. కాబట్టి ఇంక తిరిగే ప్రతి గంటా మనమే ఎంచుకున్న గంట: నాకింకా బలం చాలదు, ఇంకొంచెం తిరిగొస్తా.

అదే ఆట కథను ముక్కలు చేసి లోకమంతా చల్లింది. 12 ఫొటోలు ఇస్తారు, ఆ చోట్లను కనుక్కుంటే ఒక్కో పాత జ్ఞాపకం తిరిగొస్తుంది. ఏ వరసలో దొరికినా చిక్కు లేదు, ఎందుకంటే జరిగిపోయినదంతా 100 ఏళ్ల కిందటిది. ఎటునుంచి చూసినా అది మారదు. తర్వాతి ఆట, 2023 నాటి టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్, అదే పద్ధతిని మళ్లీ వాడి బోర్లా పడింది. ఆడబోయేవాళ్లు తిడతారు కాబట్టి సగమే చెప్తాను. ఈసారి చల్లిన ముక్కల్లో ఉన్నది ఒక రహస్యం: మాయమైన యువరాణి జెల్డా ఏమైంది? అది వరసగా చూస్తేనే గుండె పట్టే కథ. ఆటేమో ఏ ముక్క ముందైనా చూసుకోమంటుంది. నాకు మూడో ముక్కకే గుట్టు తెలిసిపోయింది. ఆ తర్వాత ఊరూరా జనం "యువరాణిని ఇక్కడ చూశాం, అక్కడ చూశాం" అంటుంటే, సంగతి తెలిసిన లింక్ నోరు విప్పడు. తెలిసినా చెప్పడానికి ఆటలో మాట రాసిలేదు. జ్ఞాపకాన్ని చల్లవచ్చు, రహస్యాన్ని చల్లితే ఇలాగే అవుతుంది.

తిరిగేవాడిని గోడ కట్టకుండా ఆపటం కూడా ఒక కళ. 2006లో ఒబ్లివియన్ అనే ఆట ఎవరినీ ఆపకూడదనుకుని, మన బలాన్ని బట్టి లోకాన్నే పెంచింది. మన లెవల్ పెరిగితే దొంగల లెవలూ పెరుగుతుంది. చివరికి రోడ్డు మీద నిలబడి 100 నాణేలిస్తే వదిలేస్తానని బెదిరించే దారిదోపిడీగాడు వేల నాణేల కవచం తొడుక్కుని ఉంటాడు. ఆ కవచం అమ్ముకుంటే హాయిగా బతకొచ్చు కదరా నాయనా! ఎటుపోయినా ఒకటే అయినప్పుడు ఎటు పోతే ఏంటి? 2010 నాటి ఫాల్అవుట్ న్యూ వేగస్ దీన్ని తిప్పికొట్టింది. మొదటి ఊరి నుంచి చూస్తే రాత్రిపూట ఉత్తరాన వేగస్ దీపాలు కనపడతాయి, మనల్ని కాల్చి పాతిపెట్టినవాడు పోయింది అక్కడికే. తిన్నటి తోవలో డెత్‌క్లాలనే భయంకరమైన బల్లులున్నాయి, ఒక్క దెబ్బకు ప్రాణం పోతుంది. అందుకని మనంతట మనమే దక్షిణంగా చుట్టు తిరుగుతాం. ఆ చుట్టుదారిలో ఊరికొకటిగా కథకు కావాల్సిన మనుషులంతా ఎదురవుతారు. దారి చూపించింది బల్లులు. కానీ వాటి కన్నుగప్పి పోగలిగితే పొమ్మనే ఉంటుంది.

దారి అంటే గుర్తొచ్చింది. మారోవిండ్‌లో బాణం గుర్తు లేదు. ఫలానా వంతెన దాటు, పెద్ద రాయి దగ్గర ఎడమకు తిరుగు అని మనుషులు నోటితో చెబుతారు, మనం వెతుక్కోవాలి. నల్లగొండలో అడ్రస్ అడిగితే చెప్పే పద్ధతి: "గడియారం కాడికెళ్లి సీదా పో, యాపచెట్టు వస్తది, ఆడ ఎవర్నన్న అడుగు." ఆ 'ఎవర్నన్న అడుగు'లోనే లోకం ఉంది. ఒబ్లివియన్ నుంచి తెర మీద గుర్తు వచ్చింది, ఆ తర్వాత చాలామంది లోకాన్ని చూడటం మానేసి గుర్తునే చూశారు. నేనైతే స్కైరిమ్‌లో ఒక ఊరి గుండా ఇరవైసార్లు పోయినా ఆ ఊరి పేరు చెప్పలేను. 2020లో ఘోస్ట్ ఆఫ్ సుషిమా ఒక అందమైన మధ్యేమార్గం కనిపెట్టింది: పోవాల్సిన వైపుకు గాలి వీస్తుంది, గడ్డి వంగుతుంది. కళ్లు లోకం మీదే ఉంటాయి.

కొన్ని ఆటలు కథ చెప్పటమే మానేసి, కథ జరిగిపోయిన చోటును మనకు వదిలేస్తాయి. మా నల్లగొండ పక్కనే పానగల్లు ఉంది. ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పొద్దంతా కదలకుండా ఒక స్తంభం నీడ పడుతుంది. పోయిన ప్రతివాడూ చేసే పని ఒకటే: ఏ స్తంభం నీడో చూద్దామని ఒక్కోదాని ముందు చెయ్యి అడ్డం పెట్టి చూడటం. ఎవరు కట్టారు, ఎలా ఆలోచించారు అన్న ప్రశ్న మనలో పుట్టాకే మనం పచ్చల సోమేశ్వరాలయం దగ్గరి మ్యూజియానికి పోయి విరిగిన శిల్పాల కింద పేర్లు చదువుతాం. ముందే గైడు వచ్చి అరగంట ఉపన్యాసమిస్తే ఆ ఆకలి ఉండదు.

2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ మొత్తం పానగల్లే. హిడెటాకా మియజాకి తీసిన ఆట, దాని పురాణ చరిత్రకు పునాది రాసింది జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్. రాజ్యం ఎప్పుడో కూలిపోయింది, దేవతల కొడుకులు కొట్టుకుని చెడిపోయారు. మనకు దొరికేది ఒక ఉంగరం, దాని కింద రెండు వాక్యాలు. ఒక శవం ఎటు చూస్తూ పడి ఉంది, ఒక విగ్రహానికి తల ఎందుకు లేదు. కథ అంతా వెనక్కే ఉంది కాబట్టి మనం ఎంత తిరిగినా అది పాడవదు, తిరిగినకొద్దీ తేరుకుంటుంది. అయితే బతికున్న మనుషుల దగ్గర ఈ పద్ధతి తేలిపోతుంది. ఎవరో ఒకామె మనల్ని సాయమడిగి, తర్వాత ఎక్కడికో పోతుంది. ఎక్కడికో చెప్పదు. మనం ముందే వేరే పెద్ద శత్రువును (బాస్‌ను) చంపేస్తే ఆమె కథ అర్ధంతరంగా తెగిపోతుంది. ఆట వచ్చిన కొద్ది వారాలకే అప్‌డేట్‌లో ఆ మనుషుల పేర్లు మ్యాప్ మీద చూపించటం మొదలుపెట్టారంటే చూసుకోండి.

ఇంత చెప్పాక ఒక ప్రశ్న వస్తుంది: ఆడేవాడు ఏం చేసినా దానికి తగ్గట్టు కథ మారేలా రాయలేరా? లెక్క వేయండి. రెండేసి దారులున్న పది నిర్ణయాలు పెడితే 1,024 రకాల కథలు. ఇరవై పెడితే 10,48,576. ఏ కంపెనీ దగ్గరా అంత డబ్బు లేదు, రాసినా ఒక్కడు చూసేది అందులో ఒక్కటే. అందుకని అందరూ వాడే కిటుకు, కొమ్మలు విడదీయటం, కొంత దూరం పోయాక మళ్లీ ఒకచోట కలపటం.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. (సూర్యాపేటవాళ్లు పిల్లలమర్రి అంటే వాళ్ల కాకతీయుల గుడులు అనుకుంటారు. నేను చెప్పేది చెట్టు సంగతి.) ఎకరాల కొద్దీ పాకిన ఆ మర్రిలో ప్రతి కొమ్మా ఊడ దించి మళ్లీ నేలను పట్టుకుంది. అసలు మాను ఏదో, ఊడ ఏదో పోల్చుకోలేం. కొమ్మ ఎంత దూరం పోయినా నిలబడింది ఊడ వల్లే. చెట్టుకు స్తంభాలు కట్టి, మందులు ఎక్కించి బతికించారు, అది వేరే కథ.

ఆ ఊడ ఎలా దించుతారో స్కైరిమ్‌లోనే చూడొచ్చు. రివర్‌వుడ్‌కు నడిచే తోవలో పైన కొండ మీద ఒక పాడుబడ్డ సమాధి కనపడుతుంది, మనతో వచ్చేవాడు అదుగో అని వేలు పెట్టి చూపిస్తాడు. ఊళ్లో కిరాణా కొట్టాయన బంగారు పంజా పోయిందంటాడు, దాన్ని వెతుకుతూ పోతే అదే సమాధి. లోపల చివర ఒక రాతిపలక దొరుకుతుంది, ఏమిటో తెలియక సంచీలో వేసుకుంటాం. చాలా రోజుల తర్వాత వైట్‌రన్‌లో జార్ల్ దగ్గరి మంత్రగాడు, ఆ సమాధిలో ఒక రాతిపలక ఉంది, వెళ్లి తీసుకురా అంటాడు. మన దగ్గర అప్పటికే ఉంటే, ఇదేనా అని తీసి చేతిలో పెట్టవచ్చు. ముందు కథ విని పోయినవాడూ, ఊరికే తిరుగుతూ పోయినవాడూ ఒకే చోట కలిశారు. దీనికి ఖర్చు ఎంతనుకున్నారు? రెండు మూడు వాక్యాలు, సంచీలో పలక ఉందా లేదా అని చూసే చిన్న తనిఖీ. అంత చిన్న పనితో ఆటగాడికి తన తిరుగుడును ఆట గమనించిందని తెలుస్తుంది.

మావోడి సంచీలో ఆ పలక ఉంది. 40 గంటలుగా మోస్తున్నాడు, ఎందుకు మోస్తున్నాడో తెలియదు. అమ్మబోతే కొట్టువాడు కొనలేదట. నేను పోరుపెడితే వైట్‌రన్‌కు పోయాడు. మంత్రగాడు అడగగానే "గిదేనా?" అని తీసిస్తుంటే వాడి మొహం చూడాలి. అదే ఊపులో కావలి బురుజు దగ్గరికి సైనికులతో పాటు ఉరికాడు. కరెంటు పోతదేమో అని అక్క లోపల్నుంచి అరుస్తోంది. డ్రాగన్ వచ్చింది, నిప్పులు కక్కింది. వాడి బలానికి ఏడెనిమిది దెబ్బల్లో పడిపోయింది.

"ఇంతేనా మామా?" అన్నాడు. కథ రాసినవాళ్లు ఆ కొట్లాటను ఆట మొదట్లో, చేతగాని మనిషి కోసం రాశారు. వాడు తిరిగి తిరిగి ఆలస్యంగా వచ్చాడు. ఆ నష్టానికి ఎవరి దగ్గరా మందు లేదు.

అంతలో డ్రాగన్ ఒళ్లంతా వెలుగై వచ్చి వాడిలోకి దూరింది. సైనికులు నోరు తెరిచి చూస్తున్నారు. వైట్‌రన్‌కు తిరిగి నడుస్తుంటే ఆకాశం ఉరిమినట్టు ఒక పిలుపు, దూరాన కొండ మీది ముసలి సాధువులు వాడిని రమ్మంటున్నారు. వాడు స్పీకర్ సౌండ్ పెంచాడు. వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. "నన్నేనా మామా పిలుస్తున్నది?"

"నిన్నే. 7,000 మెట్లు ఎక్కాలె."

వెంటనే బయలుదేరాడు. కొండ కనపడుతోంది, దాని మీద మంచు. పది నిమిషాలు నిజంగానే పక్కకు చూడకుండా నడిచాడు. తర్వాత వాగు ఒడ్డున ఎడమ పక్క ఒక గుహ నోరు కనపడింది, ముందు దీపం వెలుగుతోంది.

వాడు నా వైపు చూశాడు. నేను తెర వైపు చూశాను.